బతుకమ్మ ఆట, ఒగ్గు కథ ఒకే మైదానంల: మిక్సర్ ఎట్ల పెట్టాలె?

హన్మకొండ_మైక్‌సెట్
అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండల ఒక కాలనీ మైదానంల సద్దుల బతుకమ్మ ప్రోగ్రామ్ ఒప్పుకున్న. సాయంత్రం 5కు మొదలు, రాత్రి 10 లోపు బంద్. ముందు గంటసేపు ఒగ్గు కథ (ఏడుగురు), తర్వాత పిల్లల పేరిణి ల్యాప్‌టాప్ ట్రాక్ మీద, పోడియం దగ్గర పెద్దల మాటలు, ఆఖరికి గంటన్నర బతుకమ్మ ఆట. ఆట వలయం 30 మీటర్ల అడ్డం ఉంటది. స్టేజీ అంచు నుంచి వలయం మొదలు దాకా ఇంకో 10 మీటర్లు. ఒగ్గు కథ అయ్యేటప్పుడు జనం అదే జాగల కూసుంటరు.

నా దగ్గర ఉన్న సామాను: యమహా ఎంజీ16ఎక్స్‌యూ మిక్సర్, స్టేజీకి రెండు టాపులు రెండు బాస్‌లు, విడిగ నాలుగు పాసివ్ (లోపల ఆంప్ లేని) 12 అంగుళాల స్పీకర్ బాక్సులు (8 ఓమ్‌లవి), వాటికి రెండు చానళ్ల ఆంప్, రెండు స్టేజీ మానిటర్లు, 31 బ్యాండ్ల ఈక్యూ (లావు, సన్న స్వరాలను విడివిడిగ తగ్గించేది), 16 లైన్ల స్నేక్ కేబుల్ (స్టేజీ నుంచి మిక్సర్ దాకా లైన్లన్ని ఒకే కట్టల పోయేది). మైకులు ఆరు ఎస్ఎం58, రెండు ఎస్ఎం57, ఒక గూస్‌నెక్ (పోడియం మీద పెట్టే వంగే మెడ మైకు), నాలుగు వైర్‌లెస్ చేతి మైకులు, రెండు హెడ్‌సెట్‌లు.

అడిగేది నాలుగు. ఈ మిక్సర్ సరిపోతదా, బెహ్రింగర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్ కిరాయికి తేవాల్నా? స్టేజీ బాక్సులతోనే ఆట పెడితే వలయంల అవతలి దిక్కు చప్పట్లు కలుస్తలేవు, దానికేం చెయ్యాలె? పాడే అక్కలు మైకు పట్టుకొని తిరుగుకుంట బాక్సుల ముందటికి వస్తే ఆ సౌండ్ మళ్ల మైకుల పడి కూత పడుతది, ఎట్ల ఆపాలె? జనరేటర్ మీద ఉంటే గుయ్యిమని హమ్మింగ్ ఎందుకొస్తది?

ఫేడర్_నర్సంపేట
తమ్మీ, ముందుగాల మిక్సర్ సంగతి. ఎంజీ16 మీద 16 అని రాసి ఉన్నా మైక్ ప్రీయాంప్‌లు (మైకు సిగ్నల్‌ను పెంచేవి) 10 మాత్రమే. 1 నుంచి 8 దాకా మోనో, 9/10, 11/12 స్టీరియో చానళ్లకు మైక్ సాకెట్ ఉంటది. 13/14, 15/16 లైన్‌కే. నీ లిస్టు లెక్కపెడితే ఒగ్గు కథకు హెడ్‌సెట్‌లు రెండు, డోళ్లు రెండు, జగ్గు (డమరుకం లాంటి వాయిద్యం) ఒకటి, తాళాలకు కంజీరకు కలిపి ఒకటి. పోడియం ఒకటి, యాంకర్ ఒకటి, బతుకమ్మ పాటకు మూడు. మొత్తం 11. ఒకటి ఎక్కువైంది. ఒగ్గు కథ, బతుకమ్మ ఒక్కసారి జరిగేవి కావు కాబట్టి హెడ్‌సెట్ చానల్‌నే పాటకు వాడొచ్చు. అంటే సరిపోతది.

ఇగ గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ను మిక్సర్ల చొరబడే కాడ పెంచే నాబ్. చాలామంది ఫేడర్ (మీదికి కిందికి జరిపే పిడి) మీద సౌండ్ పెంచుతరు, గెయిన్ నాబ్ అంచనాగ తిప్పుతరు. అట్ల చేస్తే సాయంత్రమంతా కూతతోని, బురబురతోని కొట్లాటే. వరుస ఇది:

ఆంప్‌లు ఆఫ్. మిక్సర్ ఆన్. అన్ని ఫేడర్లు కిందికి, అన్ని గెయిన్లు ఎడమకు, ఈక్యూలన్ని 12 గంటల మీద, ఆక్స్‌లన్ని (మానిటర్లకు, ఈకోకు పంపే నాబ్‌లు) సున్నా. ఒక చానల్ పీఎఫ్ఎల్ (ఆ ఒక్క చానల్‌ను మీటర్ మీద చూపే బటన్) నొక్కు. కళాకారుడు ప్రోగ్రామ్‌ల ఎంత గట్టిగ పాడుతడో అంత గట్టిగ పాడిపియ్యి. "హలో మైక్ టెస్టింగ్" అంటే గెయిన్ తప్పు పడుతది, ఎందుకంటే ఒగ్గు కథల పలుకు గుసగుస నుంచి కేక దాకా పోతది. మీటర్ సగటున 0 దగ్గర ఆడాలె, గట్టి మాటకు +6 దాకా ఎక్కొచ్చు, పీక్ లైటు మాత్రం వెలుగొద్దు. డోలు దెబ్బకు వెలిగితే ప్యాడ్ నొక్కు, 26 డీబీ తగ్గుతది, మళ్ల గెయిన్ సర్దు. అప్పుడు చానల్ ఫేడర్‌ను 0 గీత మీద, మెయిన్ ఫేడర్‌ను 0 కన్న కొంచెం కింద పెట్టి, ఆఖరికి ఆంప్‌లు ఆన్ చేసి నాబ్‌తోని మైదానానికి సరిపోయే సౌండ్ తేవాలె. ఆఫ్ చేసేటప్పుడు తిరగేసి: ముందు ఆంప్, తర్వాత మిక్సర్. లేకుంటే వచ్చే ఠప్‌మనే దెబ్బకు ట్వీటర్ పోతది.

గొంతు మైకులన్నిటికి 80 హెర్ట్జ్ హైపాస్ బటన్ (అంతకన్న లావు సౌండ్‌ను కోసేసేది) నొక్కే ఉంచు. డోలుకు ఒక్కదానికే వద్దు.

పరకాల_బాక్స్
చప్పట్లు కలుస్తలేవంటే డిలే పెట్టాలె, అంటే బాక్సుకు పోయే సౌండ్‌ను కొంచెం ఆలస్యం చెయ్యాలె. నాలుగు బాక్సులు వలయం చుట్టూ నాలుగు మూలల స్టాండ్ల మీద లోపలికి చూసేటట్టు పెట్టు. స్టేజీ నుంచి ఎన్ని మీటర్లున్నదో కొలిచి ఒక్కో మీటరుకు 3 మిల్లీసెకండ్లు డిలే ఇయ్యి. ఎక్స్32ల అవుట్‌పుట్ డిలే ఉంటది కాబట్టి అదే తెచ్చుకో. రెండు వేల వాట్ల ఆంప్ కూడా కావాలె, లేకుంటే మైదానం నిండదు.

మానుకోట_స్వరం
పరకాల అన్నా, ఇక్కడ డిలే పని చేయదు. డిలే దేనికంటే, దూరపు బాక్సు మాట స్టేజీ మాట కన్నా ముందే చెవిన పడకుండా ఆపడానికి. కూర్చొని వినేవాళ్లకు అది సరైనది. బతుకమ్మలో వినేవాళ్లే చప్పట్లు కొడతారు. 25 డిగ్రీల రాత్రి గాలిలో శబ్దం సెకనుకు 346 మీటర్లు పోతుంది, మీటరుకు 2.9 మిల్లీసెకండ్లు. స్టేజీకి 10 మీటర్ల దూరంలో ఉన్నామెకు పాట 29 మిల్లీసెకండ్లకు అందుతుంది, వలయం అవతల 40 మీటర్ల దూరంలో ఉన్నామెకు 116 మిల్లీసెకండ్లకు. తేడా 87. మీరు చెప్పినట్టు అవతలి బాక్సుకు డిలే ఇస్తే ఆ 87 అలాగే ఉండిపోతుంది, ఇంకా స్పష్టంగా వినబడుతుంది. ఇవతల వరుస చప్పట్లు కొట్టి చేతులు విప్పేసరికి అవతల వరుస చప్పట్లు పడతాయి. "ఉయ్యాలో" అని వంత అందుకునేది కూడా అట్లాగే విరిగిపోతుంది. ఆడేవాళ్ల తప్పు ఏమీ ఉండదు, వాళ్లు విన్నదానికి సరిగ్గానే కొడుతున్నారు.

ఆటలో కావలసింది ఒక్కటే: వలయంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పాట ఒకే సమయానికి అందాలి.

ఫేడర్_నర్సంపేట
అక్క చెప్పింది అసలు మాట. ఇగ దాని ఉపాయం: నాలుగు బాక్సులు వలయం నడుమ పెట్టు, వీపులు కలిపి, నాలుగు దిక్కులకు చూసేటట్టు. నడుమ నుంచి వలయం దాకా ఏ దిక్కుకు కొలిచినా 15 మీటర్లే. అందరికీ 43 మిల్లీసెకండ్లకే అందుతది. చప్పట్లు వాటంతటవే కలుస్తయి. డిలే యంత్రం అక్కర లేదు. ఆట నడిచేటప్పుడు స్టేజీ బాక్సులల్ల పాట రావద్దు, పూర్తిగ బంద్. అవి కూడ మోగుతే మళ్ల మొదటికే వస్తది.

కూత సంగతి కూడ దీంతోనే తేలుతది. చేతి మైకు కార్డియాయిడ్ అయితే ముందటి నుంచి బాగ వింటది, వెనుక 180 డిగ్రీల దిక్కు దాదాపు చెవిటిది. పాడే అక్క నడుమకు మొఖం పెట్టి నిలబడితే మైకు వెనుక భాగం బాక్సుల దిక్కు ఉంటది. పక్కకు తిరిగితే ఆ దిక్కున 6 డీబీ తక్కువ వింటది, అది కూడ పనికొస్తది. అదే బాక్సులు వలయం బయట ఉన్నయనుకో, లోపలికి చూసే ప్రతి అక్క వీపు వెనుక బాక్సు ఉంటది, మైకు మొఖం సక్కగ దాని దిక్కే. అందుకే ఏ ఈక్యూ తిప్పినా కూత ఆగదు.

వాట్ల గురించి. 12 అంగుళాల బాక్సు సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు మీటరు దూరంల వచ్చే సౌండ్, 97 డీబీ ఉన్నదనుకో (వెనుక ప్లేటు మీద రాసి ఉంటది). 15 మీటర్లకు 23.5 డీబీ తగ్గుతది. వలయం కాడ 85 డీబీ కావాలంటే సగటున 14 వాట్లు చాలు. పాటల ఎగిరే స్వరాలకు 10 నుంచి 12 డీబీ జాగ ఇడిసిపెడితే 140 నుంచి 220 వాట్లు. ఒక్కో బాక్సుకు అంతే. ఉన్న ఆంప్ సరిపోతది. రెండు వేల వాట్లు గుమ్మరిస్తే పక్కింటాయనకు బాధ తప్ప పాట తేటగ వినబడది.

పరకాల_బాక్స్
ఒప్పుకుంటున్న, నడుమ పెట్టుడే మంచిది. చప్పట్ల లెక్క నాకు తట్టలే. కాని నడుమ బతుకమ్మలు పెడుతరు కద, వాటి మధ్య స్టాండ్లు ఎట్ల?

కాజీపేట_కేబుల్
మామూలు స్పీకర్ స్టాండ్ మీద వద్దు. ఒక్కో బాక్సు 15 నుంచి 18 కేజీలు ఉంటుంది. నాలుగు కలిపి 70 కేజీలు మూడు మీటర్ల ఎత్తులో. టెంట్ హౌస్ దగ్గర దొరికే ఇనుప పరంజ, కింద కనీసం 1.2 మీటర్ల చదరం ఉన్నది తీసుకోండి. నాలుగు కాళ్లకు ఇసుక బస్తాలు కట్టండి. బాక్సుల అడుగు 2.5 మీటర్ల ఎత్తున ఉండేలా, ముందుకు కొంచెం వంచి పెట్టండి. ఒక్కో బాక్సును బెల్టుతో పరంజకు కట్టాలి, కేబుల్‌తో కాదు. పరంజ కాళ్ల చుట్టూ పూలు పేర్చిన బతుకమ్మలు పెట్టుకోవచ్చు, ఒక మీటరు వదిలితే చాలు.

ఇంకో విషయం నేను గట్టిగా చెప్తాను. నడుమకు 230 వోల్టుల కరెంటు తీసుకెళ్లకండి. పవర్డ్ బాక్సులు అక్కడ వద్దు. ఆడవాళ్లు చెప్పులు లేకుండా తిరుగుతారు, పూల మీద చల్లిన నీళ్లతో నేల తడిగా ఉంటుంది. మీవి పాసివ్ బాక్సులే కాబట్టి ఆంప్ స్టేజీ దగ్గరే ఉంచి స్పీకర్ కేబుల్ మాత్రం తీసుకెళ్లండి. రెండు బాక్సులు ఒక చానల్‌కు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. ఆంప్ వెనుక 4 ఓమ్‌లు ఒప్పుకుంటుందని రాసి ఉందో చూడండి. బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు చానళ్లను ఒకటిగా కలిపి) పెట్టవద్దు.

కేబుల్ మందం లెక్క, స్టేజీ నుంచి బాక్సుల దాకా 35 మీటర్లు, పోను రాను 70 మీటర్ల రాగి:
2.5 చదరపు మిల్లీమీటర్లది అయితే దాదాపు 0.5 ఓమ్, 4 ఓమ్‌ల మీద నష్టం 1 డీబీ. 1.5ది అయితే 0.85 ఓమ్, 1.7 డీబీ. సీరియల్ లైట్లకు వాడే 0.75 వైరు అయితే 1.7 ఓమ్‌లు, 3 డీబీ నష్టం, అంటే వైరులో నష్టం లేకుంటే బాక్సుకు అందాల్సిన పవర్‌లో సగం మాత్రమే చేరుతుంది.

2.5ది తీసుకోండి, స్పీకాన్ కనెక్టర్లు పెట్టండి. నేల మీద పరచకండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు గాడి తీసి, పీవీసీ గొట్టంలో దూర్చి, మట్టి కప్పాలి. ఆట మొదలైన తర్వాత గాడి తవ్వలేరు కాబట్టి పొద్దుటే చేయించండి.

మానుకోట_స్వరం
పాడేవాళ్ల వైపు నుంచి ఒక ఇబ్బంది. వలయంలో ఉండి ముందు పాట ఎత్తుకునే ఆమెకు తన గొంతు తనకే 43 మిల్లీసెకండ్ల తర్వాత బాక్సులోంచి వినబడుతుంది. నెమ్మదైన పాటలో తట్టుకోవచ్చు. ఆట ఊపందుకున్నాక లయ వెనక్కి లాగేస్తుంది. ఎవరు పాడినా జరిగేదే ఇది.

ముందు పాట చెప్పే ఇద్దరు ముగ్గురిని వలయంలో కాకుండా పరంజకు మూడు నాలుగు మీటర్ల దూరంలో, పరంజ వైపు తిరిగి నిలబెట్టండి. అప్పుడు వాళ్లకు 12 మిల్లీసెకండ్లలోపే అందుతుంది. బాక్సులు తల మీదుగా పైనుంచి దూరానికి చూస్తుంటాయి కాబట్టి మైకులోకి పడే సౌండ్ కూడా తక్కువే. మైకు పెదవులకు రెండు వేళ్ల దూరంలో పట్టుకోవాలి. గుప్పిట్లో జాలీని మూసేస్తే కార్డియాయిడ్ గుణం పోయి, కూత వెంటనే మొదలవుతుంది. ఈ ఒక్క మాట మైకు ఇచ్చేటప్పుడే వాళ్లకు చెప్పండి.

మూడు మైకులు తెరిచి ఉంచాల్సిన పని కూడా లేదు. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ కూతకు ముందు మిగిలే సౌండ్ 3 డీబీ తగ్గుతుంది. ఒకటి నుంచి నాలుగైతే 6 డీబీ పోయినట్టే. పాడుతున్నామె మైకు పైకి, మిగతావి కిందికి. వంత వలయంలో వాళ్లందరి గొంతుతోనే రావాలి, అదే బతుకమ్మకు అందం. వంతకు మైకు పెట్టి బాక్సుల్లో మోగిస్తే ఆడేవాళ్లు పాడడం మానేసి వింటూ తిరుగుతారు.

డోలు_జనగామ
ఒగ్గు కథ మైకుల గురించి ఎవరూ రాయలే, నేను రాస్త. చుక్క సత్తయ్య లాంటి పెద్దల కథ విన్నోళ్లకు తెలుసు, అండ్ల మాట స్పష్టం కావాలె, డోలు దాని వెనుక నిలబడాలె. చాన మంది మిక్సర్ మీద డోలునే ముందటికి తెస్తరు.

డోలు దానంతటదే మస్తు సౌండ్. మైదానం ముందు సగానికి మైకు లేకున్నా వినబడుతది. నీ ఎస్ఎం57లు రెండు చిన్న స్టాండ్ల మీద, డోలు పుల్ల దెబ్బ పడే మొఖం దిక్కు 50 సెంటీమీటర్ల దూరంల పెట్టు. రెండు మైకుల నడుమ కనీసం మీటరున్నర ఉండాలె, అంటే మైకుకు డోలుకు ఉన్న దూరానికి మూడింతలు. అంతకన్న దగ్గర పెడితే ఒక డోలు రెండు మైకులల్ల పడి సౌండ్ డొల్లగ అయితది. డోలు కొట్టేటోళ్లు అడుగులు వేస్తరు, ఎగురుతరు. వాళ్ల నడుముకు క్లిప్ మైకు కడితే గజ్జెల చప్పుడు, బట్ట రాపిడి దాన్ని తినేస్తది. స్టాండే మంచిది.

తాళాలకు దగ్గరగ మైకు వద్దు. చెవులు పోయేంత జోరు తాళంలనే ఉంటది. కంజీర, తాళాలు కొట్టేటోళ్లిద్దరి నడుమ ఒక ఎస్ఎం58 మీటరు దూరంల చాలు, హై నాబ్ 3 డీబీ తగ్గియ్యి. జగ్గుకు ఒకటి, దాని మీద ఈక్యూ ముట్టకు.

కథకుడికి హెడ్‌సెట్ నోటి ముందర కాదు, నోటి మూలకు పక్కన, చెంపకు ఆనుకొని, రెండు మూడు సెంటీమీటర్ల దూరంల. నోటి ముందర ఉంటే "ప", "భ" పలికినప్పుడల్ల ఢబ్‌మంటది. తలపాగా కట్టినాక పెట్టుకోమని చెప్పు, ముందు పెట్టుకుంటే బట్ట చుట్టేటప్పుడు వంగిపోతది. చెంప మీద మెడికల్ టేప్ ముక్క ఒకటి. చెమటకు జారకుండ ఉంటది.

ఎంజీ16ల కంప్రెసర్ (గట్టి సౌండ్‌ను తనంతట తానే తగ్గించేది) ఒక్క నాబ్‌దే కద. కథకుని చానల్‌ల దాన్ని 10 గంటల దిక్కు మించి తిప్పొద్దు. ఎక్కువైతే కేక, గుసగుస ఒక్క తీర్గ అయిపోయి కథ చచ్చిపోతది. ఆ ఎత్తుపల్లాలను చేతితోని ఫేడర్ మీదనే పట్టుకోవాలె. కథ నడిచినంత సేపు ఆ రెండు ఫేడర్ల మీది నుంచి వేలు తియ్యొద్దు.

హన్మకొండ_మైక్‌సెట్
అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. నడుమ బాక్సుల ఆలోచనతోని సగం బరువు దిగింది. అయితే ఎంజీ16ల స్టేజీ బాక్సులకు, నడుమ బాక్సులకు వేర్వేరుగ ఎట్ల పంపాలె? మానిటర్లు ఏ ఆక్స్ మీద? గూస్‌నెక్‌కు ఫాంటమ్ (మైకు కేబుల్‌లనే పోయే 48 వోల్టులు) కావాలె, అది వైర్‌లెస్ రిసీవర్లను పాడు చేస్తదా?

ఫేడర్_నర్సంపేట
దానికి గ్రూపులు ఉన్నయి, అంటే మెయిన్ కాక సౌండ్‌ను విడిగ బయటికి పంపే దారులు. ఒక్కో చానల్ ఫేడర్ పక్కన ఎస్టీ (స్టీరియో, అంటే మెయిన్), 1-2, 3-4 అని బటన్లుంటయి. ఒగ్గు కథ, పోడియం, ల్యాప్‌టాప్ చానళ్లకు ఎస్టీ ఒక్కటే నొక్కు. బతుకమ్మ పాట చానళ్లకు ఎస్టీ ఎత్తేసి 1-2 నొక్కు, ప్యాన్ (ఎడమ కుడి నాబ్) పూర్తిగ ఎడమకు. పాట గ్రూపు 1 ల మాత్రమే వస్తది. గ్రూపు అవుట్ 1 నుంచి నడుమ ఆంప్‌కు. గ్రూపు ఫేడర్ దగ్గర ఇంకో ఎస్టీ బటన్ ఉంటది, అది నొక్కి ఉంటే పాట మళ్ల స్టేజీ బాక్సులల్ల చొరబడుతది. అది పైకే ఉండాలె.

యాంకర్ మైకుకు రెండు బటన్లు నొక్కు, ఆటల మాటలు చెప్పాల్సి వస్తే నడుమ బాక్సులకు కూడ పోతది.

గ్రూపు అవుట్ నుంచి ఆంప్‌కు పోయే దారిల నీ 31 బ్యాండ్ల ఈక్యూ ఒక చానల్ పెట్టుకో. ఇంకో చానల్ మానిటర్లకు. మెయిన్‌కు అక్కర లేదు, ఎందుకంటే కూత పుట్టేది ఈ రెండు జాగలల్లనే.

మానిటర్లకు ఆక్స్ 1, ప్రీ మీద ఉండాలె. ప్రీ అంటే ఫేడర్ తోటి సంబంధం లేకుండ పోతది. పోస్ట్ మీద ఉంటే నువ్వు జనానికి డోలు తగ్గించినప్పుడల్ల కథకునికి కూడ తగ్గుతది, ఆయన లయ తప్పుతడు. ఈకో మాత్రం పోస్ట్ మీదనే. మాట చెప్పేటప్పుడు ఈకో ఫేడర్ పూర్తిగ కిందికి, మైదానంల ఈకోతోని మాట అసలు అర్థం కాదు.

మానిటర్ జాగ: ఎస్ఎం58 స్టాండ్ మైకు అయితే సక్కగ మైకు వెనుక. సూపర్ కార్డియాయిడ్ మైకు అయితే వెనుకకు కాదు, పక్కకు 125 డిగ్రీల దిక్కు, ఎందుకంటే దాని వెనుక చిన్నగ వినబడే తోక ఒకటి ఉంటది.

ములుగు_తరంగం
వైర్‌లెస్ ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఎంజీ16లో ఫాంటమ్ అన్ని మైక్ సాకెట్లకు కలిపి ఒక్కటే స్విచ్. ఎస్ఎం58, 57లకు 48 వోల్టులు పోయినా ఏమీ కాదు, బ్యాలెన్స్‌డ్ కేబుల్ సరిగ్గా ఉంటే. రిసీవర్లను మాత్రం వాటి జాక్ అవుట్ నుంచి లైన్ ఇన్‌పుట్‌కు కలపండి, జాక్ సాకెట్‌లో ఫాంటమ్ రాదు. ఆన్ చేసే ముందు అన్ని ఫేడర్లు కిందికి, ఆన్ చేశాక పది సెకన్లు ఆగండి.

ఆరు వైర్‌లెస్‌లు ఒకేసారి నడిపేటప్పుడు తరంగాలను సమాన దూరాల్లో పెట్టకండి. ఉదాహరణకు 600, 604, 608 మెగాహెర్ట్జ్ పెడితే, మొదటి రెండూ కలిసి 604ను రెండు రెట్లు చేసి 600 తీసేసిన చోట, అంటే సరిగ్గా 608 మీద ఒక దొంగ తరంగాన్ని పుట్టిస్తాయి. మూడో మైకు ఎవరూ మాట్లాడకుండానే గరగరమంటుంది. రిసీవర్‌లో గ్రూపు అని ఉండే జాబితా ఈ లెక్క చూసి తయారు చేసిందే. ఒకే కంపెనీవి అయితే అన్నీ ఒకే గ్రూపులోంచి వేర్వేరు చానళ్లు ఎంచుకోండి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 2022 వేలంలో 5జీకి పోయింది. పాత సెట్లు ఆ చుట్టుపక్కల ఉంటే, మైదానంలో జనం ఫోన్లతో నిండాక తెగిపోతాయి. పగలు ఖాళీ మైదానంలో బాగున్నాయని నమ్మకండి.

రిసీవర్లు మిక్సర్ దగ్గర కాదు, స్టేజీ పక్కన తల ఎత్తు కన్నా పైన ఉండాలి. మనిషి శరీరం తరంగాన్ని పీల్చేస్తుంది. ఆట సమయానికి కొత్త సెల్లులు వేయండి, ఒగ్గు కథకు వాడినవి తీసి పక్కన పెట్టండి.

కాజీపేట_కేబుల్
మిగిలింది హమ్మింగ్. ఎక్కడ పుడుతుందో ముందు కనుక్కోవాలి. మెయిన్ ఫేడర్ కిందికి దించండి. హమ్ ఉంటే అది మిక్సర్ తర్వాత ఉంది, ఆంప్‌కు పోయే కేబుల్ గానీ కరెంటు గానీ. హమ్ పోతే మిక్సర్ ముందు ఉంది, ఒక్కో చానల్ మ్యూట్ చేస్తూ పోండి. పది సార్లకు ఏడెనిమిది సార్లు ల్యాప్‌టాప్ చానలే దొరుకుతుంది. చార్జర్ తీసి చూడండి, పోతే అదే కారణం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టీరియో డీఐ బాక్సు (ల్యాప్‌టాప్‌కు, మిక్సర్‌కు నడుమ పెట్టే పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ విడదీసే బటన్) నొక్కండి. ల్యాప్‌టాప్ వాల్యూమ్ 80 శాతం దగ్గర ఉంచి మిక్సర్‌లో తగ్గించుకోండి, తక్కువ పెట్టి మిక్సర్‌లో పెంచితే గీగీ చప్పుడు కూడా పెరుగుతుంది.

మిక్సర్‌కు, స్టేజీ ఆంప్‌లకు కరెంటు ఒకే బోర్డు నుంచి, ఒకే ఫేజ్ నుంచి తీసుకోండి. మిక్సర్ దగ్గర ఉన్న టీ కొట్టు ప్లగ్ నుంచి తీసుకుంటే రెండు ఎర్తుల మధ్య తేడా స్నేక్ కేబుల్ షీల్డ్ గుండా పారుతుంది, అదే గుయ్యిమనేది. డెకరేషన్ లైట్లు ఇంకో ఫేజ్ మీద ఉండాలి. హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ ఎప్పుడూ తీయకండి, అది మనిషి ప్రాణాన్ని కాపాడే వైరు. తీయాలంటే సిగ్నల్ కేబుల్‌లో ఒక చివర ఒకటో పిన్ షీల్డ్ తీయండి, అది కూడా లైన్ కేబుల్‌లోనే, మైకు కేబుల్‌లో కాదు.

జనరేటర్ పెట్టాక మీటర్‌తో మూడు కొలతలు చూడకుండా దేన్నీ ఆన్ చేయకండి. ఫేజ్ న్యూట్రల్ మధ్య 220 నుంచి 240. ఫేజ్ ఎర్త్ మధ్య కూడా అంతే. న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మించితే న్యూట్రల్ నట్టు వదులుగా ఉందని అనుమానించాలి. మూడు ఫేజుల జనరేటర్‌లో న్యూట్రల్ ఊడిపోతే కొన్ని ప్లగ్‌లలో 400 వోల్టుల దగ్గరికి వస్తుంది, ఆంప్‌లు అన్నీ ఒక్కసారే కాలుతాయి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు కారితే వెంటనే ఆపే స్విచ్) ఉండాలి.

పరకాల_బాక్స్
ఎక్స్32 సంగతి తేల్చలే. సీన్లు సేవ్ చేసుకుంటే ఒక్క బటన్‌తోని ఒగ్గు కథ నుంచి బతుకమ్మకు మారొచ్చు కద? 32 మైక్ ప్రీయాంప్‌లు, 16 అవుట్‌పుట్లు. మానిటర్‌కు మానిటర్‌కు వేరే ఈక్యూ.

ఫేడర్_నర్సంపేట
మిషన్ మంచిదే, అనుమానం లేదు. ఒక్క రోజు ముందు ఇంటికి తెచ్చుకొని, సీన్లు తయారు చేసుకొని, చేతికి అలవాటు చేసుకునేటట్టయితే తెచ్చుకో. ప్రోగ్రామ్ రోజు మధ్యాహ్నం చేతికొచ్చేటట్టయితే వద్దు. కూత వచ్చిన మూడు సెకన్లల్ల ఏ పేజీల ఉన్నవో వెతుక్కోవాల్సి వస్తే, అనలాగ్ మీద ఒక్క ఫేడర్ కిందికి లాగుడే మేలు. తెస్తే రెండు జాగ్రత్తలు. స్టేజ్‌బాక్సుకు (స్టేజీ మీద మైకులు గుచ్చే పెట్టె, స్పీకర్ కాదు) లోహపు తొడుగు ఉన్న షీల్డెడ్ క్యాట్5ఈ కేబులే వాడాలె, మామూలు నెట్ కేబుల్ అయితే మధ్యల సౌండ్ తెగుతది. మిక్సర్‌కు యూపీఎస్ తప్పనిసరి, కరెంటు కన్ను కొట్టినా మళ్ల లేవడానికి టైం పడుతది, అంతసేపు మైదానం మూగగ ఉంటది.

ఈ ప్రోగ్రామ్‌కు నడుమ బాక్సులు పెట్టినాక డిలే అక్కర లేదు, అవుట్‌పుట్లు మూడే. ఎంజీ16 చాలు అని నా మాట.

మిక్సర్ జాగ కూడ చెప్త. స్టేజీ పక్కన టాపుల వెనుక కూసుంటే బాస్ తప్ప ఏం వినబడది, అక్కడ సర్దిన సౌండ్ జనానికి కీచుగ ఉంటది. స్టేజీ నుంచి 40 మీటర్ల దిక్కు, వలయం బయట, నడుమ గీత మీద కూసో. స్నేక్ కేబుల్ మైదానం అంచు చుట్టూ తిప్పాలె, ఆ దారి కొలిచి దానికి సరిపోయే పొడుగుది కావాలె.

కూత సర్దుడు ఖాళీ మైదానంల సాయంత్రం 3కే చెయ్యి. నడుమ బాక్సులు, పాట మైకు ఒక్కటి తెరిచి, పాడే జాగల స్టాండ్ మీద పెట్టి గ్రూపు ఫేడర్ మెల్లగ పెంచు. సన్నగ మోగుడు మొదలైనప్పుడు ఆగి, ఈక్యూల ఆ బ్యాండ్ 3 డీబీ తగ్గియ్యి. మళ్ల పెంచు. నాలుగైదు బ్యాండ్లకు మించి తగ్గించాల్సి వస్తే ఈక్యూ తప్పు కాదు, మైకు జాగనో బాక్సు దిక్కో తప్పు, అది మార్చాలె. చివరికి ఫేడర్‌ను కూత హద్దు కన్న 6 డీబీ కింద పెట్టు.

హన్మకొండ_మైక్‌సెట్
ఇగ లిస్టు రాసిన, తప్పులుంటే చెప్పుర్రి.

1: కథకుని హెడ్‌సెట్, ఆటప్పుడు పాట మైకు మూడు. 2: పక్క కథకుని హెడ్‌సెట్. 3, 4: డోళ్లు. 5: జగ్గు. 6: తాళాలు, కంజీర. 7: పోడియం. 8: యాంకర్. 9/10: పాట మైకు ఒకటి. 11/12: పాట మైకు రెండు. 13/14: ల్యాప్‌టాప్. మెయిన్ స్టేజీకి, గ్రూపు 1 నడుమ ఆంప్‌కు, ఆక్స్ 1 మానిటర్లకు.

మానుకోట_స్వరం
ముందు పాట ఎత్తుకునే ఆమెను 9/10లో పెట్టకండి. ఆ స్టీరియో చానళ్లకు కంప్రెసర్ నాబ్ లేదు. పాటకు కావలసిన కంప్రెసర్ 1 నుంచి 8 లోపే ఉంది. ఆమెను 2లో పెట్టి, పక్క కథకుని హెడ్‌సెట్‌ను 9/10కి మార్చండి.

డోలు_జనగామ
అట్ల కూడ వద్దక్కా. పక్క కథకుడు కథకునికి జవాబు చెప్పేటోడు, గొంతు ఆయనకు సమానంగ ఉండాలె. ఆయనకు 2 ఉండనియ్యుర్రి. జగ్గును 9/10కి మార్చి, 5ల పాట ఎత్తుకునే అక్కను పెట్టుర్రి. జగ్గుకు కంప్రెసర్ ఏం పనికి రాదు. ఇంకో లాభం, 5 ఒగ్గు కథల ఖాళీగ ఉంటది కాబట్టి పాట గెయిన్, బటన్లు ముందే పెట్టి ఫేడర్ కిందికి వేసుకొని ఉండొచ్చు.

ములుగు_తరంగం
ఒక చిన్న సవరణ. 1లో హెడ్‌సెట్ తీసి పాట మైకు పెట్టేటప్పుడు గెయిన్, ఈక్యూ, ఎస్టీ, 1-2 బటన్, ప్యాన్, ఆక్స్ 1 అన్నీ మారాలి. ఆరు మార్పులు, పేరిణి ట్రాక్ నడుస్తుండగా చేయాలి. అవి ఒక కాగితం మీద రాసి మిక్సర్ పక్కన టేప్‌తో అంటించండి. జగ్గు 9/10కి పోయాక పాట మైకు ఒకటి 5లో, రెండు 11/12లో కూర్చున్నాయి. మూడో మైకు నిజంగా కావాలా? మానుకోట అక్క చెప్పినట్టు ఒకసారికి ఒక్కటే తెరుస్తారు కదా. రెండింటితో సరిపెడితే 1ని ముట్టుకోవలసిన పనే లేదు.

హన్మకొండ_మైక్‌సెట్
రెండే పెడుతున్న. మూడో సెట్టు కొత్త సెల్లులు వేసి చేతికింద ఉంచుకుంట, ఏదన్న ఒకటి ఆగితే దాని జాక్ తీసి ఇది గుచ్చుత.

కాజీపేట_కేబుల్
మార్చేటప్పుడు ఫేడర్ కిందికి దించి మార్చండి. గాడి తవ్వే ముందు ఆ మైదానంలో నీళ్ల పైపు, వీధి దీపాల కేబుల్ ఎటు పోతున్నాయో కాలనీ వాళ్లను అడిగి సున్నంతో గీత గీయించుకోండి.